కేబుల్, డిష్ మానేసి స్ట్రీమింగ్‌కి మారడం: ఏ పని ముందు, ఏది తర్వాత

కేబుల్ కనెక్షన్ పీకించేసి, నాలుగు యాప్‌లకి డబ్బు కట్టి, రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ కేబుల్ వాళ్లకి ఫోన్ చేసే ఇళ్లున్నాయి. అలా వెనక్కి వెళ్లడానికి కారణం యాప్‌లు బాగాలేకపోవడం అయ్యేది తక్కువ. హాల్లో టీవీ దాకా వైఫై సరిగ్గా రాదు, లేదా పొద్దున్నే చూసే వార్తల ఛానల్ ఎక్కడుందో పెద్దవాళ్లకి దొరకదు, లేదా మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో బొమ్మ ఆగిపోతుంది. ఈ మూడూ ముందే సరిచూసుకోగలిగినవే. అందుకే ఇక్కడ మొదట ఇంట్లో ఏం చూస్తారన్నది, తర్వాత నెట్, ఆ తర్వాత టీవీకి తగిలించే స్ట్రీమింగ్ పెట్టె, చివర్లో కనెక్షన్ రద్దు వస్తాయి. మీరూ ఆ వరసలోనే చేయండి. రద్దు కోసం ఫోన్ చేయడం అన్నిటికన్నా ఆఖరి పని.

రెండు వారాల చిట్టా

టీవీ పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టండి. రెండు వారాల పాటు ఎవరు ఏ ఛానల్ చూశారు, ఏ కార్యక్రమం, అది ఆ వేళకే చూడాలా, రేపు చూసినా పర్వాలేదా అన్నది రాయమనండి. ఎవరూ కూర్చోకపోయినా టీవీ మోగుతూ ఉన్న గంటల్ని కూడా రాయాలి, వాటి అవసరం తర్వాత పడుతుంది. కనెక్షన్‌లో వందల ఛానళ్లు వస్తున్నా చిట్టాకెక్కేవి కొన్నే ఉంటాయి.

వాటిని మూడు రకాలుగా విడదీయండి. సీరియళ్లు, సినిమాలు, పాటల కార్యక్రమాలు మొదటి రకం. వీటిని ఏ వేళకైనా చూడొచ్చు. ఛానల్ వాళ్ల సొంత యాప్‌లోనో యూట్యూబ్‌లోనో దొరికే అవకాశం ఎక్కువ. రెండోది వార్తలు. చాలా వార్తా ఛానళ్లు యూట్యూబ్‌లో ఉచితంగానే లైవ్ ఇస్తున్నాయి కాబట్టి ఇది తేలిగ్గా తేలిపోతుంది. మూడోది ఆటలు. అసలు చిక్కు ఇక్కడుంది. ఆటల ప్రసార హక్కులు టోర్నీని బట్టి, దేశాన్ని బట్టి, ఇన్నేళ్లకని లెక్కకట్టి అమ్ముడవుతాయి. టీవీ హక్కులు ఒకరి దగ్గర, డిజిటల్ హక్కులు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు. పోయినేడు ఒక యాప్‌లో వచ్చిన టోర్నీ ఈ ఏడు అదే యాప్‌లో వస్తుందని నమ్మకం లేదు. ఇంట్లో చూసే ఒక్కో టోర్నీకీ మీ దేశంలో డిజిటల్ హక్కు ఎవరిదో, ఎప్పటివరకో విడివిడిగా వెతికి రాసుకోండి. ఇంటిల్లిపాదీ ఎదురుచూసే టోర్నీ ఏ యాప్‌లోనూ రాదని తేలితే, కనెక్షన్ పూర్తిగా తీసేయకుండా కేబుల్‌లోనే చిన్న ప్యాక్‌కి దిగడం మేలు.

నెట్ మీద టీవీ ఎలా వస్తుంది

కేబుల్‌లోనూ డిష్‌లోనూ ఛానళ్లన్నీ అందరి ఇళ్లకీ ఒకేసారి వస్తూనే ఉంటాయి. సెట్‌టాప్ బాక్స్ వాటిలో ఒకదాన్ని పట్టి చూపిస్తుంది. వీధిలో ఒకరు చూసినా వందమంది చూసినా సిగ్నల్ మీద బరువు మారదు. స్ట్రీమింగ్‌లో అయితే ప్రతి టీవీకీ విడిగా ఒక ప్రతి బయల్దేరాలి. వీడియోని కొన్నేసి సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ పలు నాణ్యతల్లో తయారుచేసి సర్వర్లలో ఉంచుతారు. టీవీలోని యాప్ ముక్క తర్వాత ముక్క తెచ్చుకుంటూ ఉంటుంది. నెట్ చురుగ్గా ఉంటే మంచి నాణ్యత ముక్కని, మందగిస్తే తక్కువ నాణ్యత ముక్కని అడుగుతుంది. డిష్ మీద జోరువాన పడితే బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. ఇక్కడ ముందు మసకబారుతుంది, అప్పటికీ చాలకపోతే బఫరింగ్ అంటూ గుండ్రంగా తిరుగుతుంది.

ఇది మనసులో పెట్టుకుంటే ముందుముందు వచ్చే ఇబ్బందుల్లో సగం మీకే అంతుపడతాయి. బొమ్మ ఎప్పుడూ మసగ్గానే ఉంటే చేరే వేగం చాలడం లేదు, లేదా పెట్టెకి హెచ్‌డీ అనుమతి లేదు. బొమ్మ తేటగా ఉండి మధ్యమధ్యలో ఠక్కున ఆగుతుంటే ఎక్కువసార్లు వైఫై తెగి తెగి వస్తోందని అర్థం. పగలంతా బాగుండి రాత్రి మాత్రమే ఇబ్బంది పెడితే, అందరూ ఒకేసారి వాడే వేళ మీ నెట్ కంపెనీ లైను ఇరుకవుతోంది.

వేగం, డేటా లెక్క

నెట్‌ఫ్లిక్స్ సూచించే వేగాలు చూడండి: 720పీ (మామూలు హెచ్‌డీ) బొమ్మకి 3 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు), 1080పీ (ఫుల్ హెచ్‌డీ)కి 5, ఇంకా తేటైన 4కేకి 15. ఇది ఒక్క టీవీకి సరిపోయే వేగం. రెండు టీవీలు 1080పీలో నడుస్తూ, ఒకరు వీడియో కాల్‌లో ఉండి, ఇద్దరు ఫోన్లు చూస్తుంటే 20 ఎంబీపీఎస్ దాకా పోతుంది. ఊపిరి సలపడానికి ఇంకో సగం కలుపుకుంటే 30. 4కే టీవీ ఉంటే 50 పెట్టుకోండి. 100 ఎంబీపీఎస్ ప్లాన్ మామూలు ఇంటికి హాయిగా సరిపోతుంది. అంతకు మించి కట్టే డబ్బుతో టీవీ బొమ్మలో తేడా ఏమీ రాదు. ఆ డబ్బు వైఫై మీద పెట్టండి.

డేటాకి ఒక సులువైన లెక్క ఉంది. 1 ఎంబీపీఎస్ వేగంతో గంటసేపు ఆగకుండా వస్తే 0.45 జీబీ. అంటే 5 ఎంబీపీఎస్ వీడియోకి గంటకి 2.25 జీబీ, 15 ఎంబీపీఎస్ 4కేకి గంటకి 6.75 జీబీ. రోజుకి నాలుగు గంటలు 1080పీ చూస్తే నెలకి 270 జీబీ, రెండు టీవీలైతే 540. చిట్టాలో ఊరికే మోగిన గంటలు రాయమన్నది ఇందుకే. కేబుల్‌లో అవి ఉచితం, ఇక్కడ అవీ డేటా లెక్కలోకి వస్తాయి. మీ ప్లాన్‌లో ఇన్ని జీబీల తర్వాత వేగం తగ్గిస్తామన్న నిబంధన ఉందేమో చిన్న అక్షరాల్లో వెతకండి. తగ్గించాక మిగిలే వేగం 2 ఎంబీపీఎస్ అయితే ఆ నెల మిగిలిన రోజులు టీవీ ఉన్నా లేనట్టే.

వేగం కొలవడం కూడా ఒక పద్ధతిలో చేయాలి. ఫోన్ పట్టుకుని రూటర్ పక్కన నిలబడి కొలిస్తే టీవీ సంగతి తెలియదు. టీవీలో బ్రౌజర్ ఉంటే అందులోనే ఫాస్ట్ డాట్ కామ్ తెరవండి. అది నెట్‌ఫ్లిక్స్ నడిపేది, వాళ్ల వీడియో సర్వర్ల నుంచే కొలుస్తుంది కాబట్టి టీవీకి పనికొచ్చే అంకె చెబుతుంది. బ్రౌజర్ లేకపోతే ఫోన్‌ని టీవీకి ఆనించి కొలవండి. రాత్రి 8 నుంచి 10 మధ్య, మూడు రాత్రులు. అదే సమయంలో రూటర్‌కి లాన్ తీగతో ల్యాప్‌టాప్ కలిపి ఇంకోసారి కొలవండి. తీగ మీద 90 వచ్చి టీవీ దగ్గర 8 వస్తే లోపం వైఫైలో ఉంది. రెండు చోట్లా 8 వస్తే నెట్ కంపెనీతో మాట్లాడాలి, కొత్త రూటర్ కొన్నా ప్రయోజనం ఉండదు.

ఎవరో ఫోన్లో ఫొటోలు బ్యాకప్ పెట్టగానే టీవీ తడబడటం కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే రూటర్‌లో ప్యాకెట్లు (నెట్ మీద వెళ్లే డేటా ముక్కలు) బారులు తీరతాయి, టీవీ పంపే చిన్న చిన్న విన్నపాలు ఆ వరస వెనక చిక్కుకుంటాయి. రూటర్ సెట్టింగుల్లో ఈ వరసని అదుపు చేసే ఎస్‌క్యూఎం లేదా క్యూఓఎస్ అని ఉంటే ఆన్ చేసి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితుల్ని మీరు కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతానికి పెట్టండి. అంకెల్లో వేగం కొద్దిగా తగ్గుతుంది, టీవీ మాత్రం తడబడదు.

వైఫై మీద ఒక ఆదివారం పెట్టండి

టీవీ కదలదు. కదలని వస్తువుకి తీగ ఇవ్వడమే అన్నిటికన్నా మంచిది. క్యాట్5ఈ లేదా క్యాట్6 లాన్ తీగ 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. తలుపు చట్రం అంచునో గోడ కిందిపట్టీ వెంటో లాగేయొచ్చు. చాలా టీవీల్లో లాన్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగుతుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు, 4కేకి కావలసింది 15 మాత్రమే. స్ట్రీమింగ్ స్టిక్‌కి (టీవీకి గుచ్చే చిన్న స్ట్రీమింగ్ పరికరం) మామూలుగా లాన్ పోర్టు ఉండదు, దానికి సరిపడే ఈథర్నెట్ అడాప్టర్ విడిగా తీసుకోవాలి.

కేబుల్ లేదా డిష్ కోసం గోడల్లో ఇప్పటికే వేసిన కోయాక్స్ తీగ ఉంటే దాన్నే నెట్‌కి వాడుకోవచ్చు. కోయాక్స్ మీద నెట్ నడిపే మోకా అడాప్టర్లు జతగా దొరుకుతాయి. ఒకటి రూటర్ దగ్గర, ఒకటి టీవీ దగ్గర పెట్టి మధ్యలో ఆ తీగ కలిపితే చాలు. మోకా 2.5 రకం లాన్ తీగకి దీటుగా పనిచేస్తుంది. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. డిష్ సిగ్నల్, మోకా ఒకే తీగ మీద కలిసి నడవలేవు, వాటి ఫ్రీక్వెన్సీలు ఒకదాని మీదొకటి పడతాయి. కాబట్టి ఆ తీగని డిష్ నుంచి విడదీసిన తర్వాతే ఇది పెట్టాలి. కేబుల్ తీగ అయితే బయటి నుంచి ఇంట్లోకి వచ్చే చోట విడదీయాలి, లేదా మోకా ఫిల్టర్ బిగించాలి. లేకపోతే మీ ఇంటి సిగ్నల్ బయటి లైనులోకి పోతుంది.

తీగ కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై. దీనికి వేగం ఎక్కువ, గోడల్ని దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుతుంది గానీ చుట్టుపక్కల ఇళ్ల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అదే దారిలో నడుస్తాయి. రూటర్ రెండింటికీ ఒకే పేరు పెడితే టీవీ ఒక్కోసారి 2.4నే పట్టుకుని కూర్చుంటుంది. రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టి టీవీని 5 పేరుకే కలపండి. టీవీ రెండు గోడల అవతల ఉండి 2.4 తప్పనిసరి అయితే ఛానల్‌ని ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఖాళీగా ఉన్నది ఎంచుకుని, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి పెట్టండి. ఒకదాన్నొకటి తాకకుండా ఉండే ఛానళ్లు ఆ మూడే.

రూటర్ ఎక్కడుందో చూడండి. ఇనప బీరువా పక్కన, టీవీ వెనక, నేల మీద ఉంటే అక్కడి నుంచి తీయండి. ఇంటి మధ్యలో, తల ఎత్తున, అడ్డు లేకుండా ఉండాలి. సిగ్నల్ ఎంతుందో ఫోన్లో వైఫై ఎనలైజర్ యాప్ చూపిస్తుంది. టీవీ దగ్గర మైనస్ 67 డీబీఎం లేదా అంతకన్నా మెరుగు (మైనస్ 60, మైనస్ 50) ఉంటే వీడియోకి ధైర్యంగా ఉండొచ్చు. మైనస్ 75 దాటి కిందికి పోతే బొమ్మ ఆగడం ఖాయం.

రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే పెట్టె) కొనేవాళ్లు ఒకే పొరపాటు చేస్తారు, సిగ్నల్ రాని చోట దాన్ని పెడతారు. రాని సిగ్నల్‌ని అది మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది? రూటర్‌కీ టీవీకీ మధ్యలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్న చోట పెట్టాలి. ఒకే రేడియోతో అందుకుంటూ దానితోనే పంపే చవక రిపీటర్ వేగాన్ని సగానికి తగ్గిస్తుందని కూడా గుర్తుంచుకోండి. మెష్ (ఇంట్లో పలుచోట్ల పెట్టి ఒకే వైఫైగా నడిపే పెట్టెలు) తీసుకుంటే రెండు పెట్టెల మధ్య తీగ వేస్తే ఇంకా మంచిది.

కరెంటు పోయే ఇళ్లలో టీవీకి బ్యాకప్ ఉండి రూటర్‌కి లేకపోతే లాభం లేదు. ఫైబర్ పెట్టె, రూటర్ రెండూ బ్యాకప్ మీద ఉండాలి. వాటి అడాప్టర్ మీద రాసిన వోల్టులు (ఎక్కువగా 12) చూసి, అదే వోల్టేజీ ఇచ్చే చిన్న డీసీ యూపీఎస్ తీసుకోండి. ఆంపియర్లు అడాప్టర్ మీద ఉన్నంత, లేదా ఎక్కువ ఉండాలి. వోల్టులు మాత్రం మారకూడదు.

పెట్టె ఎంపిక

స్మార్ట్ టీవీ ఉంటే మొదట దాంతోనే మొదలుపెట్టండి. టీవీ తెర పదేళ్లు వస్తుంది గానీ అందులోని సాఫ్ట్‌వేర్‌కి అంత ఆయుష్షు ఉండదు. 2019 డిసెంబరు 1న నెట్‌ఫ్లిక్స్ 2010, 2011 కాలం నాటి కొన్ని శాంసంగ్ టీవీల్లో, తొలినాటి రోకు కంపెనీ స్ట్రీమింగ్ పెట్టెల్లో పనిచేయడం మానేసింది. తెరకి ఏమీ కాలేదు, యాప్ పోయింది. అలాంటప్పుడు టీవీ మార్చక్కర్లేదు, హెచ్‌డీఎంఐ పోర్టుకి ఒక స్టిక్ గుచ్చితే చాలు.

స్టిక్ గానీ పెట్టె గానీ కొనేటప్పుడు చూడాల్సినవి ఇవి. వైడ్‌వైన్ ఎల్1 ఉండాలి. ఇది వీడియో తాళాన్ని చిప్‌లోనే తెరిచే ఏర్పాటు. ఎల్3 మాత్రమే ఉంటే డబ్బు కట్టే యాప్‌లలో చాలావరకు 480పీ దగ్గరే ఆపేస్తాయి. అప్పుడు 4కే అని అట్ట మీద ఉన్నా, 4కే ప్లాన్ కట్టినా బొమ్మ మసగ్గానే వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండాలి. హెచ్ఈవీసీ ఉండాలి, ఏవీ1 కూడా ఉంటే మరీ మంచిది. ఈ కోడెక్‌లు (వీడియోని కుదించే పద్ధతులు) తక్కువ డేటాతో అదే నాణ్యత ఇస్తాయి. మెమరీ 2 జీబీ ఉంటే యాప్ మారినప్పుడల్లా నత్తనడక నడవదు.

ఊరూ పేరూ లేని చవక ఆండ్రాయిడ్ పెట్టెలు, 'అన్ని ఛానళ్లూ జీవితకాలం ఉచితం' అంటూ నెట్ మీద ఛానళ్లిచ్చే ఐపీటీవీ ప్యాకేజీలు తీసుకోవద్దు. ఆ ఛానళ్లు దొంగ ప్రసారాలు, ఏ రోజైనా ఆగిపోతాయి. ప్రమాదం అంతటితో పోదు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బాడ్‌బాక్స్ 2.0 అనే వైరస్ వల గురించి హెచ్చరిక ఇచ్చింది. అలాంటి పెట్టెల్లో కొన్ని కొనకముందే వైరస్ ఎక్కించి వస్తున్నాయి, మరికొన్నిటిలో సెటప్ చేసేటప్పుడు దించుకునే యాప్‌ల ద్వారా చొరబడుతోంది. ఆ తర్వాత మీ ఇంటి నెట్‌ని మోసగాళ్లు తమ పనులకి దారిగా వాడుకుంటారు. యాప్ స్టోర్ బయటి నుంచి ఏదో ఎక్కించమని, ప్లే ప్రొటెక్ట్ (హానిచేసే యాప్‌లని పట్టే గూగుల్ కాపలా) ఆపేయమని పెట్టె అడిగితే అది ఇంట్లో ఉండదగింది కాదు.

బిగించేటప్పుడు స్టిక్‌తో వచ్చిన అడాప్టర్‌నే వాడండి. టీవీ వెనక యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియరు, స్టిక్‌లు మామూలుగా అడిగేది ఒక ఆంపియరు. టీవీ యూఎస్‌బీకి గుచ్చితే మొదట పనిచేసినట్టే ఉంటుంది, బరువైన వీడియో పెట్టగానే దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. స్టిక్‌ని నేరుగా గుచ్చకుండా డబ్బాలో వచ్చే చిన్న హెచ్‌డీఎంఐ పొడిగింపు తీగతో పక్కకి తీయండి. టీవీ వెనక వేడికీ లోహపు రేకుకీ దూరంగా ఉంటుంది, వైఫై మెరుగవుతుంది.

4కే రాకపోతే ఏ పోర్టుకి గుచ్చారో చూడండి. 4కే వీడియోకి పోర్టులో హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ కావాలి. కొన్ని పాత 4కే టీవీల్లో అది ఒకటి రెండు పోర్టులకే ఉంటుంది. మధ్యలో పాత సౌండ్‌బార్ లేదా స్ప్లిటర్ ఉంటే అదీ అడ్డుపడుతుంది. పోర్టు సరైనదే అయినా టీవీ సెట్టింగుల్లో ఆ పోర్టుకి పూర్తి సామర్థ్యం తెరవాల్సి రావొచ్చు. శాంసంగ్‌లో దాని పేరు ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్.

ఫోన్ తెరని టీవీ మీద మిర్రర్ చేసి చూద్దామనుకునేవాళ్లకి డబ్బు కట్టే యాప్‌లలో మాట వినిపించి తెర నల్లగా ఉండిపోతుంది. అది కాపీ రక్షణ, ఫోన్ చెడిపోయిందని కాదు. యాప్‌లోనే క్యాస్ట్ బొత్తం ఉంటే అది నొక్కండి, టీవీ ఆ వీడియోని నేరుగా నెట్ నుంచి తెచ్చుకుంటుంది.

ఎవరూ ముట్టని రెండు సెట్టింగులు

ఆటల్లో బంతి గీతలుగా, కుదుపులతో కదులుతుంటే నెట్‌ని తిట్టకండి. సినిమాలు సెకనుకి 24 ఫ్రేములు. టీవీ ప్రసారాలు దేశాన్ని బట్టి 25, 50 లేదా 30, 60. స్టిక్ ఎప్పుడూ 60 దగ్గరే ఉంటే, 50 ఫ్రేముల మ్యాచ్‌లో ప్రతి ఐదో ఫ్రేమునీ రెండుసార్లు చూపించి లెక్క సరిపెడుతుంది. ఆ కుదుపు అదే. ఫైర్ టీవీలో 'మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్', ఆపిల్ టీవీలో 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' ఆన్ చేయండి. వీడియో మొదలయ్యేటప్పుడు తెర ఒకటి రెండు సెకన్లు నల్లబడుతుంది, అది మామూలే. కొన్ని యాప్‌లు ఈ సెట్టింగుని పట్టించుకోవు, వాటి కోసం పెట్టెనే 50 హెర్ట్జ్‌కి మార్చి చూడొచ్చు.

బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే, సౌండ్‌బార్ పాత ఆప్టికల్ తీగ మీద ఉందేమో చూడండి. చాలా యాప్‌లు శబ్దాన్ని పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్ అనే పద్ధతిలో. ఆప్టికల్ తీగ దాన్ని మోయలేదు. పెట్టె శబ్దం సెట్టింగుని డాల్బీ డిజిటల్ లేదా స్టీరియోకి మారిస్తే వినిపిస్తుంది. టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కి పంపే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ పోర్టు ఉంటే అదే వాడండి.

లైవ్: ఆలస్యం, యాంటెన్నా

స్ట్రీమింగ్ లైవ్ ఎప్పుడూ టీవీ ప్రసారం కన్నా వెనకే ఉంటుంది. ముక్కలు కోయాలి, సర్వర్లకి చేరాలి, యాప్ కొన్ని ముక్కలు ముందే పోగేసుకోవాలి. 20 నుంచి 40 సెకన్ల ఆలస్యం సాధారణం. గోల్ పడిందని పక్కింట్లో కేక వినిపించాక మీ తెర మీద బంతి పడుతుంది. దీన్ని పూర్తిగా పోగొట్టే సెట్టింగు లేదు. మ్యాచ్ చూసేటప్పుడు ఫోన్లో స్కోరు నోటిఫికేషన్లు ఆపేసుకోవడం, మధ్యలో ఆగిపోతే మళ్లీ 'లైవ్‌కి వెళ్లు' నొక్కడం మాత్రం చేయగలం. ఒక్కసారి పాజ్ చేసినా అంతసేపు వెనకబడే ఉంటుంది, చాలామంది గమనించరు.

గాలిలో ఉచిత డిజిటల్ ప్రసారాలు వచ్చే ప్రాంతమైతే యాంటెన్నా మంచి తోడు. నెలవారీ ఖర్చు ఉండదు, ఆలస్యం తక్కువ, నెట్ పోయినా వార్తలు వస్తాయి. టీవీలో మీ ప్రాంతపు ట్యూనర్ (డీవీబీ-టీ2, ఏటీఎస్‌సీ లేదా ఐఎస్‌డీబీ-టీ) ఉందో లేదో చూసుకోండి. యాంటెన్నా కిటికీ దగ్గర, ఎత్తున, ప్రసార టవర్ వైపు ఉండాలి. తీగ 75 ఓమ్‌ల ఆర్‌జీ-6. రెండు టీవీలకి పంచే స్ప్లిటర్ ఒక్కో దారిలో సుమారు 3.5 డెసిబెళ్లు తినేస్తుంది, అంటే సగానికి పైగా సిగ్నల్. ముందు ఒక్క టీవీకే పెట్టి చూడండి. కదిపిన ప్రతిసారీ ఛానల్ స్కాన్ మళ్లీ చేయాలి.

అలాగే డిష్‌ని వెంటనే విప్పించకండి. మీ డిష్ తిరిగి ఉన్న ఉపగ్రహం మీద ఉచిత ఛానళ్లుంటే ఒక ఫ్రీ టు ఎయిర్ రిసీవర్‌తో అవి వస్తాయి.

యాప్‌లకి కట్టే డబ్బు

చిట్టా ముందు పెట్టుకుని, అందులో రాసినవాటిలో ఎక్కువ దొరికే యాప్ ఒక్కటి ఎంచుకోండి. దాంతో ఒక నెల. తర్వాతే రెండోది. అన్నిటికీ ఏడాది చందా ఒకేసారి కట్టేస్తే కేబుల్ బిల్లుని దాటిపోవడం కష్టమేమీ కాదు. ఏడాది పొడవునా రోజూ చూసేదానికి ఏడాది ప్లాన్, ఒక్క సిరీస్ కోసమో ఒక్క టోర్నీ కోసమో అయితే నెల ప్లాన్. నెల ప్లాన్ కట్టిన రోజే ఆటో రెన్యూవల్ రద్దు చేయండి. చాలా సర్వీసుల్లో కట్టిన గడువు తీరేదాకా నడుస్తూనే ఉంటుంది.

కట్టే ముందు మూడు విషయాలు చూడాలి. ఒకేసారి ఎన్ని తెరల మీద నడుస్తుంది, ఆ ప్లాన్‌లో టీవీకి అనుమతి ఉందా (మొబైల్‌కి మాత్రమే అనే చవక ప్లాన్లుంటాయి), నాణ్యత ఎంత. వేరే ఇంట్లో ఉండే బంధువులతో ఖాతా పంచుకోవడం మీద ఆధారపడి లెక్క వేసుకోవద్దు. నెట్‌ఫ్లిక్స్ 2023 నుంచి చాలా దేశాల్లో దాన్ని కట్టడి చేసింది. యాప్ తీసేస్తే చందా ఆగిపోతుందనుకోవడం కూడా పొరపాటే. ఎక్కడ కట్టారో (సర్వీసు సైటా, ప్లే స్టోరా, ఆపిలా, మొబైల్ కంపెనీయా) అక్కడే రద్దు చేయాలి. అందుకే యాప్ పేరు, కట్టిన చోటు, గడువు తేదీ ఒక కాగితం మీద రాసి ఉంచండి.

పెద్దవాళ్ల చేతిలో రిమోట్

ఏళ్ల తరబడి ఒక అంకె నొక్కితే ఛానల్ వచ్చే అలవాటు మీద బతికినవాళ్లకి యాప్‌ల గోడ చూపించి 'ఇందులో వెతుక్కోండి' అనడం అన్యాయం. ఈ మార్పులో శ్రద్ధ అన్నిటికన్నా ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే.

మొదట రెండు రిమోట్లని ఒకటి చేయండి. టీవీ సెట్టింగుల్లో హెచ్‌డీఎంఐ సీఈసీ ఆన్ చేస్తే స్టిక్ రిమోట్‌తోనే టీవీ వెలుగుతుంది, ఇన్‌పుట్ దానంతటదే మారుతుంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. పాత రిమోట్ తీసి లోపల పెట్టేయండి. హోం స్క్రీన్ మీద వాళ్లు చూసే యాప్‌లు మూడే ఉంచి, మొదటి వరసలోకి తెచ్చి, మిగతావి దాచండి. వాళ్లకంటూ విడిగా ప్రొఫైల్ పెట్టి, చూసే సీరియళ్లని, ఛానళ్లని మై లిస్ట్‌లో చేర్చండి. వార్తా ఛానళ్లని యూట్యూబ్‌లో సబ్‌స్క్రయిబ్ చేసి పెడితే వెతకాల్సిన పని ఉండదు.

గొంతుతో వెతకడం నేర్పండి. టైప్ చేయడం కన్నా చాలామందికి ఇదే తేలిక. సొంత భాషలో అడిగితే అర్థం చేసుకునేలా పెట్టె భాష సెట్టింగు సరిచూడండి. మీరు చేసి చూపించడం ఒకసారి చాలు. తర్వాత రిమోట్ వాళ్ల చేతికిచ్చి, మీరు చేతులు కట్టుకుని పక్కన కూర్చోండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతారో చూసి ఆ మెట్టు తగ్గించండి.

ఒక నెల రెండూ ఉంచండి

అన్నీ అమరాక కూడా కేబుల్‌ని ఒక నెల ఉంచాలి. సెట్‌టాప్ బాక్స్ ప్లగ్ తీసేసి పక్కన పెట్టండి, కనెక్షన్ మాత్రం అలాగే ఉండనివ్వండి. ఆ నెలలో బాక్స్‌ని ఎన్నిసార్లు మళ్లీ తగిలించాల్సి వచ్చింది, ఎందుకోసం అన్నది రాయండి. ఒక పెద్ద మ్యాచ్, ఒక శని ఆదివారం, ఇంటికి చుట్టాలు వచ్చి ఫోన్లన్నీ వైఫైకి ఎక్కిన ఒక రోజు, ఈ మూడూ ఆ నెలలో పడాలి. అవి దాటితే ఇక భయం లేదు.

యాప్ ఏదో ఎర్రర్ చెప్పి లాగిన్ అవ్వకపోతే మొదట పెట్టె తేదీ, సమయం చూడండి. తప్పుగా ఉంటే సర్వర్ భద్రతా పత్రాలు చెల్లవు, నెట్ ఉన్నా ఏదీ తెరుచుకోదు. ఒక్క యాప్ మాత్రమే మొరాయిస్తే సెట్టింగుల్లో దాని క్యాష్ (అది దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు) తుడవండి. అన్నీ మొరాయిస్తే రూటర్, పెట్టె రెండింటినీ ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి ముందు రూటర్, తర్వాత పెట్టె వెలిగించండి. నిల్వ నిండిపోయినా పెట్టె మందగిస్తుంది, వాడని యాప్‌లు తీసేయండి.

రద్దు చేసే రోజు

సెట్‌టాప్ బాక్స్‌లో రికార్డ్ చేసుకున్నవి ఉంటే ముందే చూసేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నా అవి మామూలుగా ఆ బాక్స్‌కే తాళం వేసి ఉంటాయి, కనెక్షన్ పోయాక తెరుచుకోకపోవచ్చు. టీవీ, నెట్ రెండూ ఒకే కంపెనీ నుంచి వస్తుంటే, టీవీ తీసేశాక నెట్ ఒక్కదానికీ ఎంత అవుతుందో రాతపూర్వకంగా అడగండి. కలిపి ఇచ్చిన తగ్గింపు పోయి మిగులు కరిగిపోవచ్చు. ఒప్పంద కాలం మిగిలి ఉంటే ముందే తెంచినందుకు రుసుము ఉందేమో, ఎన్ని రోజుల ముందు చెప్పాలో చూడండి. బిల్లు గడువుకి అన్ని రోజుల ముందే చెప్పండి.

రద్దుని ఈమెయిల్ లేదా యాప్ ద్వారా కోరి, ఫిర్యాదు సంఖ్యలాంటిది తీసుకోండి. బ్యాంకులో ఆటో చెల్లింపు అనుమతిని విడిగా రద్దు చేయాలి, కంపెనీ దాన్ని ఆపుతుందని ఊరుకోవద్దు. బాక్స్ వాళ్లదైతే రిమోట్, అడాప్టర్, స్మార్ట్ కార్డు, తీగలు అన్నీ కలిపి, సీరియల్ నంబరు కనపడేలా ఫొటో తీసి, తిరిగిచ్చినట్టు రసీదు తీసుకోండి. డిపాజిట్ కట్టి ఉంటే అది ఎప్పుడు తిరిగొస్తుందో రసీదు మీదే రాయించండి. తీగ తీయడానికి వచ్చినవాళ్లు నెట్ వచ్చే తీగని కత్తిరించకుండా దగ్గరుండి చూడండి. గోడల్లోని కోయాక్స్‌ని మాత్రం అలాగే వదిలేయమనండి, మోకాకో యాంటెన్నాకో పనికొస్తుంది. తర్వాతి రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి, డబ్బు కోత ఆగిందని తేలాకే రసీదు ఫైల్లో పెట్టండి.